పళ్లెం ఆకారమా, బాణం మొనా: స్టార్‌షిప్‌ల మీద మీ ప్రశ్నలు

క్రితం సంచికలో ఒక జవాబు చివర స్టార్‌షిప్‌ల, అంటే సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో, సీరియళ్లలో నక్షత్రాల మధ్య తిరిగే నౌకల, డిజైన్ గురించి రెండు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చూశాక ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగిన చోట ప్రశ్నలన్నీ కలిపి ఒకటి చేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: స్టార్ వార్స్‌లో 'డిస్ట్రాయర్' 1,600 మీటర్లు ఉంటుంది. స్టార్ ట్రెక్‌లో 'క్రూయిజర్' 300 మీటర్లు కూడా ఉండదు. ఇంతకీ ఏది పెద్దది? క్లాస్ అంటే సైజేనా?

జవాబు: సైజు కాదండీ. ఇక్కడ రెండు మాటలు కలిసిపోతున్నాయి, ముందు వాటిని విడదీద్దాం. డిస్ట్రాయర్, క్రూయిజర్, ఫ్రిగేట్ అనేవి నౌక చేసే పనికి పెట్టిన పేర్లు. క్లాస్ అంటే ఒకే డ్రాయింగ్ ప్రకారం కట్టిన నౌకల కుటుంబం, సాధారణంగా అందులో మొదటి నౌక పేరే మొత్తం కుటుంబానికి పెడతారు. ఇది సముద్రం మీద నౌకాదళాల పద్ధతి, సైన్స్ ఫిక్షన్ వాళ్లు అక్కడి నుంచే తెచ్చుకున్నారు. స్టార్ ట్రెక్‌లో కాన్‌స్టిట్యూషన్ క్లాస్ అంటే కాన్‌స్టిట్యూషన్ అనే నౌక ముందు కట్టారు, కథ నడిచే నౌక ఎంటర్‌ప్రైజ్ దాని చెల్లెలు అన్నమాట. తమాషా ఏంటంటే మొదటి సీరియల్లో ఎంటర్‌ప్రైజ్ బ్రిడ్జి, అంటే నౌకని నడిపే గది, మీద ఉన్న ఫలకం చూస్తే 'స్టార్‌షిప్ క్లాస్' అని ఉంటుంది, కాన్‌స్టిట్యూషన్ అన్న పేరు తర్వాత స్థిరపడింది.

పనికి పెట్టిన పేరుకీ సైజుకీ లంకె లేదని చెప్పడానికి సముద్రమే సాక్ష్యం. డిస్ట్రాయర్ అసలు పూర్తి పేరు 'టార్పిడో బోట్ డిస్ట్రాయర్', అంటే చిన్న చిన్న టార్పిడో పడవల్ని వేటాడేది. 1893లో బ్రిటన్ నీళ్లలోకి దింపిన హేవోక్ ఆ జాతిలో తొలి తరానిది, బరువు 300 టన్నుల లోపే. ఇప్పుడు అమెరికా నౌకాదళంలో ఉన్న జుమ్‌వాల్ట్ కూడా డిస్ట్రాయరే, అది 15,000 టన్నులు దాటుతుంది, అదే నౌకాదళంలోని టైకాండరోగా క్లాస్ క్రూయిజర్ల కన్నా బరువు! పని పెరిగింది, ఒళ్లు పెరిగింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కాబట్టి రెండు వేర్వేరు కథల్లోని డిస్ట్రాయర్‌నీ క్రూయిజర్‌నీ పక్కపక్కన పెట్టి తూకం వేస్తే ఏమీ తేలదు. ఒకే కథలోపల, ఒకే దళంలో పోల్చండి, అప్పుడు తేడాలు మాట్లాడతాయి.

స్టార్ వార్స్‌లోని స్టార్ డిస్ట్రాయర్ సంగతే చూడండి, అది ఒక్కతే మూడు పనులు చేస్తుంది. ఫిరంగుల నౌక, టై ఫైటర్లనే చిన్న పోరాట నౌకలు 72 మోసే విమానవాహక నౌక, స్టార్మ్‌ట్రూపర్లనే సైనికులను 9,700 మందిని దింపే రవాణా నౌక, ఇంకా నడిపే సిబ్బందే 37,000 మంది. బాణం మొన లాంటి ఆ ఆకారం ఊరికే భయపెట్టడానికి పెట్టింది అనుకుంటారు చాలామంది, భయపెట్టడం నిజమే, కానీ ఆ ఏటవాలు వల్ల రెండు పక్కల ఉన్న ఫిరంగులూ ముందుకి కూడా గురిపెట్టగలవు, ఒకదానికొకటి అడ్డం రావు. శత్రువుకి ఎదురుగా ముక్కు పెట్టి తరుముకుంటూ పోయే నౌకకి అంతకన్నా తగిన ఆకారం నాకు తోచదు.

ప్రశ్న: స్టార్ ట్రెక్ నౌకలన్నీ నా కంటికి ఒకేలా ఉంటాయి, ముందు ఒక పళ్లెం, వెనక రెండు గొట్టాలు. పాత ఎంటర్‌ప్రైజ్‌కీ 1987 నాటి ఎంటర్‌ప్రైజ్‌కీ తేడా సైజేనా? ఆ గొట్టాలు ఒంటికి అంత దూరంగా ఎందుకు పెట్టారు?

జవాబు: గొట్టాల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే తర్వాత వచ్చిన వందల నౌకల రూపురేఖలు అక్కడే తేలిపోయాయి.

1966లో మొదలైన తొలి సీరియల్ కోసం ఎంటర్‌ప్రైజ్‌ను గీసింది మాట్ జెఫ్రీస్. ఆయన స్వయంగా విమానం నడిపే మనిషి, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ల మీద పనిచేశారు. ఆయన ఆలోచన పూర్తిగా మెకానిక్ ఆలోచన. వెలుగు కంటే వేగంగా తోసే ఇంజన్ అంటే ఊహకందని శక్తి, దాని పక్కన మనుషులు ఉండడం ప్రమాదం, కాబట్టి దాన్ని దూరంగా పెట్టాలి, పాడైతే విప్పి వేరేది బిగించుకునేలా ఉండాలి. నాసెల్స్ అని పిలిచే ఆ రెండు గొట్టాలు సన్నటి కాళ్ల మీద నిలబడింది అందుకే. నౌక పైభాగం నున్నగా ఉండడానికీ అలాంటి కారణమే. బయట యంత్రం పెడితే అది పాడైనప్పుడు ఎవరో ఒకరు ప్రాణం అరచేతిలో పెట్టుకుని శూన్యంలోకి వెళ్లి బాగుచేయాలి, అదే అన్నీ లోపల ఉంటే లోపలి నుంచే చేసుకోవచ్చు. లోపల పాకుతూ వెళ్లి రిపేర్లు చేసే ఆ ఇరుకు గొట్టాలకి తర్వాత జెఫ్రీస్ పేరే పెట్టారు, అంతకన్నా మంచి గౌరవం ఉంటుందా!

నంబరు కూడా విమానాల నుంచి వచ్చిందే. 1940ల దాకా అమెరికా పౌర విమానాల రిజిస్ట్రేషన్ 'ఎన్‌సీ' అని మొదలయ్యేది, దానికి ఇంకో 'సీ' చేర్చి ఎన్‌సీసీ-1701 చేశారు. 1701 ఎందుకంటే, 3, 6, 8, 9 లాంటి అంకెలు టీవీలో దూరం నుంచి చూస్తే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే వీలుంది, 1, 7, 0 అయితే ఆ గోల లేదు. అప్పటి టీవీ తెరలు ఎంత చిన్నవో గుర్తుపెట్టుకుంటే ఇది ఎంత ముందుచూపో అర్థమవుతుంది. చిత్రీకరణకి వాడిన పెద్ద మోడల్ దాదాపు 3.4 మీటర్లు. దీపాలు పెట్టాక వైర్లన్నీ దాని ఎడమ వైపు నుంచి లోపలికి వెళ్లేవి, అందుకే ఆ పక్క పూర్తిగా తయారు కానేలేదు, కెమెరాకి కనిపించే కుడివైపే ముస్తాబు. ఆ మోడల్ 1974లో అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం సంస్థకి చేరింది, బాగా మరమ్మతు చేసి 2016లో మళ్లీ వాషింగ్టన్‌లోని మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు. ఎప్పుడైనా చూసే అవకాశం వస్తే ముందు నుంచి కాదు, ఎడమ పక్కకి వెళ్లి చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, 1987 నాటి ఎంటర్‌ప్రైజ్, అది గెలాక్సీ క్లాస్. ఆండ్రూ ప్రోబర్ట్ గీసినది. పాతది 289 మీటర్లు, ఇది 642 మీటర్లు, అంటే పొడవు రెండు రెట్లకి కాస్త ఎక్కువ. ఇక్కడే చాలామంది పొరబడతారు. పొడవు రెండింతలైతే లోపలి చోటు రెండింతలు కాదు, వెడల్పూ ఎత్తూ కూడా పెరుగుతాయి కదా, ఎనిమిదింతలు అవుతుంది. 289 నుంచి 642కి లెక్క కడితే సుమారు 11 రెట్లు. ఆకారాలు అచ్చంగా ఒకటి కావు కాబట్టి ఇది ఉజ్జాయింపే, అయినా అసలు సంగతి తెలియడానికి సరిపోతుంది. ఎందుకంటే పాత నౌకలో 430 మంది, కొత్తదాంట్లో 1,014 మంది. చోటు 11 రెట్లు పెరిగితే జనం రెండున్నర రెట్లు కూడా పెరగలేదు! ఒక్కో మనిషికి దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువ జాగా దొరికింది. ఆ జాగా ఎక్కడికి పోయిందో కథలో కనిపిస్తూనే ఉంటుంది: భార్యాపిల్లలతో కాపురాలు, బడి, మొక్కలు పెంచే గది, 42 అంతస్తులు, బ్రిడ్జి మీద తివాచీ, ఆయుధాల అధికారి నిలబడే చోట గుర్రపు నాడా ఆకారంలో చెక్క పిట్టగోడ. యుద్ధనౌక బ్రిడ్జి మీద చెక్క పని ఎవరు చేయిస్తారు? అది యుద్ధనౌక కాదు, ఏళ్ల తరబడి ఇంటికి రాకుండా తిరిగే ఊరు, డిజైన్ ఆ మాట గట్టిగా చెబుతోంది. ఆపద వస్తే పళ్లెం భాగం విడిపోయి కుటుంబాలతో దూరంగా వెళ్లిపోతుంది, ఇంజన్ల భాగం పోరాడుతుంది. కాగితం మీద ఎంతో అందమైన ఏర్పాటు, కానీ తెర మీద దాన్ని వాడింది చాలా తక్కువసార్లు, అది నాకు ఇప్పటికీ కొరతే.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది 1994లో వచ్చిన డిఫయంట్. కుటుంబాలు లేవు, పరిశోధన గదులు లేవు, నాసెల్స్ కాళ్ల మీద నిలబడవు, ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి, పడుకోవడానికి ఒకదాని మీద ఒకటి ఉండే బంకు మంచాలు. బోర్గ్ అనే శత్రువు చేతిలో దెబ్బతిన్నాక పోరాటం కోసమే కట్టిన నౌక అని కథలో చెబుతారు. చెప్పకపోయినా ఆ బంకు మంచం చూస్తే తెలిసిపోతుంది. ఇక 1995 నాటి వాయేజర్, అంటే ఇంట్రెపిడ్ క్లాస్, 344 మీటర్లు, 15 అంతస్తులు, 150 మంది లోపు జనం, వేగంగా వెళ్లేముందు నాసెల్స్ రెక్కల్లా పైకి లేస్తాయి, కావాలంటే గ్రహం మీద కాళ్లు చాపి దిగుతుంది. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చూడండి. పళ్లెమూ గొట్టాలూ ఒక ఇంటి పోలిక, అంతే. పోలిక ఉన్నంత మాత్రాన అక్కచెల్లెళ్లు ఒక్కరే అయిపోరు కదా.

ప్రశ్న: స్టార్ వార్స్ నౌకల ఒంటి మీద ఏవేవో పెట్టెలూ గొట్టాలూ అతికించినట్టు ఉంటాయి. వాటికి అర్థం ఉందా?

జవాబు: ఒక్కొక్క ముక్కకీ అర్థం లేదు, అన్నీ కలిసి చేసే పనికి ఉంది. దుకాణాల్లో దొరికే యుద్ధ ట్యాంకుల, ఓడల ప్లాస్టిక్ మోడల్ కిట్లు కొని, వాటి ముక్కలు తీసి ఈ నౌకల మీద అతికించారు. కంటికి చిన్న చిన్న వివరాలు కనిపిస్తే 'ఓహో, ఇది చాలా పెద్దది' అనుకుంటుంది మనసు, నున్నగా ఉంటే బొమ్మ అనుకుంటుంది. జెఫ్రీస్ నున్నగా చేసిన దానికి ఒక కారణం ఉంది, వీళ్లు గరుకుగా చేసిన దానికి ఇంకో కారణం, రెండూ నాకు ఇష్టమే.

1977 సినిమా మొదటి షాట్ గుర్తుందా, చిన్న నౌక పారిపోతుంటే దాని వెనక తెర మొత్తం కమ్ముకుంటూ స్టార్ డిస్ట్రాయర్ వస్తుంది, ఎంతసేపటికీ అయిపోదు. నిజానికి ఆ స్టార్ డిస్ట్రాయర్ మోడల్ 91 సెంటీమీటర్లే, పారిపోయే చిన్న నౌక మోడల్ దానికి దాదాపు రెట్టింపు! కెమెరాని మోడల్ ఒంటికి రాసుకుపోయేంత దగ్గరగా, కంప్యూటర్ చెప్పినట్టు నడిపి ఆ కొండంత సైజు పుట్టించారు. 1980 నాటి రెండో సినిమాకి రెండున్నర మీటర్లు దాటిన కొత్త మోడల్ కట్టారు.

ప్రశ్న: స్టార్ వార్స్‌లోని భారీ నౌక ఎగ్జిక్యూటర్ పొడవు 8 కిలోమీటర్లని ఒక పుస్తకంలో చదివాను, 19 అని మా తమ్ముడు. ఎవరు కరెక్టు?

జవాబు: ఇప్పుడు అధికారికంగా చెల్లేది మీ తమ్ముడి మాటే, 19 కిలోమీటర్లు. మీరు చదివిందీ తప్పు పుస్తకం కాదు, మొదట్లో 8 అనే అచ్చువేశారు, మధ్యలో కొంతకాలం 12.8 కూడా నడిచింది. అభిమానులు ఊరుకోలేదు. ఎగ్జిక్యూటర్ మీద నిలబడి ఉండే బ్రిడ్జి గోపురం మామూలు స్టార్ డిస్ట్రాయర్ గోపురం లాంటిదే, దాన్ని స్కేలుగా పెట్టుకుని సినిమా ఫ్రేములు కొలిచి 8 ఏ మూలకీ చాలదని చూపించారు. ఓపిగ్గా కొలిచిన వాళ్లదే చివరికి పైచేయి అయింది, అందుకు నాకు చాలా సంతోషం.

1,600 మీటర్లకి 19 కిలోమీటర్లు దాదాపు 12 రెట్లు. పైన గెలాక్సీ క్లాస్‌కి కట్టిన లెక్కే ఇక్కడ కడితే లోపలి చోటు 1,700 రెట్లు దాకా వస్తుంది, ఎగ్జిక్యూటర్ కాస్త పలచగా ఉంటుంది కాబట్టి అంత ఉండదనుకోండి, అయినా వందల రెట్లలోనే. ఒక నౌక పొడవు మార్చడమంటే ఒక అంకె మార్చడం కాదు, లోపల ఎంతమంది, ఏం తింటారు, ఎంత ఇంధనం, అన్నీ మారిపోతాయి. స్టార్ ట్రెక్‌లో క్లింగాన్లనే గ్రహాంతర జాతి నౌక బర్డ్ ఆఫ్ ప్రే పరిస్థితి మరీ ఘోరం, ఒక చోట డజను మంది నడిపే చిన్న నౌక, ఇంకో చోట అదే ఆకారం గెలాక్సీ క్లాస్ పక్కన నిలబడి పెద్ద నౌకలా కనిపిస్తుంది. ఒకే ఆకారంలో రెండు క్లాసులున్నాయని తర్వాత సర్దారు. కిటికీలూ తలుపులూ అలాగే ఉంచి మొత్తాన్ని సాగదీస్తే అది కొత్త క్లాస్ అవదు, అందుకే ఆ సర్దుబాటు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

ప్రశ్న: కొన్ని నౌకల్లో మనుషులు ఓడలో లాగా నిలబడతారు, కొన్నింట్లో మేడలో లాగా అంతస్తుల మీద. ఏది సరైనది?

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలా ఆనందించాను, ఎందుకంటే ఏ నౌకనైనా చూసినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: నేల ఎటుంది?

స్టార్ ట్రెక్, స్టార్ వార్స్ నౌకల్లో కృత్రిమ గురుత్వాకర్షణ ఉంటుంది, యంత్రం నొక్కితే నేల కిందకి లాగుతుంది. కాబట్టి డిజైనర్‌కి పూర్తి స్వేచ్ఛ, ఓడలాగానో విమానంలాగానో గీసుకోవచ్చు. ఆ యంత్రం లేదనుకోండి, అప్పుడు రెండే దారులు.

ఒకటి, ఇంజన్. బస్సు ఒక్కసారిగా ముందుకు దూకితే మనం సీటు వెనక్కి అదుముకుపోతాం, ఆ అదుము ఆగకుండా ఉంటే అదే బరువు. ఇంజన్ వెనక నుంచి తోస్తున్నంతసేపూ 'కింద' అంటే ఇంజన్ వైపు. అప్పుడు అంతస్తులు నౌక పొడవునా కాకుండా అడ్డంగా, మేడలో లాగా ఒకదాని మీద ఒకటి రావాలి. 2015లో మొదలైన ఎక్స్‌పాన్స్ సీరియల్లో రోసినాంటే అనే నౌక అలాంటిదే. బయటి నుంచి చూస్తే పడుకున్నట్టు ఎగురుతుంది, లోపల జనం నిచ్చెన ఎక్కి పై అంతస్తుకి, అంటే ముక్కు వైపుకి వెళతారు. సగం దూరం వెళ్లాక నౌక వెనక్కి తిరిగి అదే ఇంజన్‌తో వేగం తగ్గించుకుంటుంది, నేల మాత్రం మారదు. ఇంజన్ ఆపితే అందరూ తేలిపోతారు, అందుకే అయస్కాంతం బూట్లు. ఈ ఒక్క నిర్ణయం నుంచి మంచాలు, తలుపులు, చేతికి పట్టుకునే కడ్డీలు, అన్నీ ఎక్కడుండాలో దానంతట అదే తేలిపోయింది చూడండి, నేను ఆ సీరియల్ని మెచ్చుకునేది అందుకు.

రెండో దారి, గుండ్రంగా తిప్పడం. 1968 నాటి 2001: ఎ స్పేస్ ఒడిస్సీలో డిస్కవరీ నౌక లోపల తిరిగే చక్రం ఉంటుంది, దాని సెట్టు కోసం 11.6 మీటర్ల వ్యాసం ఉన్న నిజమైన చక్రాన్నే కట్టి తిప్పారు, 7,50,000 డాలర్లు పెట్టి! అద్భుతమైన దృశ్యం, కానీ చిన్న చక్రంతో ఒక ఇబ్బంది ఉంది. అంత చక్రంలో భూమి మీద ఉన్నంత బరువు రావాలంటే నిమిషానికి 12 సార్లకి పైగా తిప్పాలి, తల తిరిగిపోతుంది. పైగా పాదాల దగ్గర పూర్తి బరువు ఉంటే తల దగ్గర 70 శాతమే ఉంటుంది, ఎందుకంటే తల చక్రం మధ్యకి దగ్గర. నిమిషానికి రెండుసార్లు నెమ్మదిగా తిరుగుతూ అదే బరువు రావాలంటే మధ్య నుంచి నేల దాకా 224 మీటర్లుండాలి. అంటే తిప్పే నౌక చిన్నగా ఉంటే బరువు తక్కువతో సర్దుకోవాలి, లేదా చాలా పెద్దదిగా ఉండాలి. సినిమాలో చక్రం నెమ్మదిగా తిరిగింది కాబట్టి లోపలి వాళ్లకి కొద్దిపాటి బరువే ఉంటుందని అనుకోవాలి.

బాబిలాన్ 5 సీరియల్లో దీన్ని కథకి వాడుకున్న తీరు గొప్పది. మనుషుల దగ్గర కృత్రిమ గురుత్వాకర్షణ లేదు, అందుకే వాళ్ల ఒమెగా క్లాస్ డిస్ట్రాయర్ నడుమ భాగం గిర్రున తిరుగుతూ ఉంటుంది. మిన్‌బారీలనే గ్రహాంతర జాతి దగ్గర ఉంది, వాళ్ల నౌకలు చేపల్లా నున్నగా, ఏదీ తిరగకుండా వెళ్లిపోతాయి. ఎవరు ముందున్నారో ఎవరు వెనకబడ్డారో ఒక్క డైలాగ్ లేకుండా పక్కపక్కన నిలబెట్టి చూపించేశారు.

ప్రశ్న: అంతరిక్షంలో గాలి లేదు కదా, రెక్కలు ఎందుకు?

జవాబు: గ్రహం మీద దిగే నౌక కాకపోతే అక్కర్లేదు. కానీ రెక్కల్లా కనిపించేవన్నీ రెక్కలు కావు. శూన్యంలో వేడి పోవాలంటే గాలీ నీళ్లూ లేవు, వెలుతురులా ప్రసరించి పోవడం ఒక్కటే మార్గం, దానికి వెడల్పాటి రేడియేటర్లు కావాలి. ఇప్పుడు మన తలల మీద తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా ఉన్నాయి, తెల్లటి మడతల పలకలు, అవి బయటికి పంపగలిగేది సుమారు 70 కిలోవాట్ల వేడి. నక్షత్రాల మధ్య తిరిగే ఇంజన్ ముందు అది ఏ పాటి? డిస్కవరీకి కూడా మొదట పెద్ద రేడియేటర్లు అనుకున్నారు, ప్రేక్షకులు రెక్కలనుకుంటారని తీసేశారు. నాకు ఆ నిర్ణయం బాధగానే ఉంటుంది. 2009లో అవతార్‌లో చూపించిన వెంచర్ స్టార్‌కి మాత్రం రేడియేటర్లు ఎర్రగా కాలుతూ కనిపిస్తాయి. దాని ఇంజన్లు ముందుంటాయి, మనుషులూ సరుకూ చాలా వెనక, తాడుతో బండి లాగినట్టు లాగుతుంది. తోసే నౌకకి మధ్యలో వంగని దూలం కావాలి, లాగే నౌకకి తీగలాంటి సన్నటి కట్టు చాలు, బోలెడంత బరువు ఆదా. తెర మీద కొన్ని నిమిషాలే ఉంటుంది, అయినా నేను చూసిన నౌకల్లో ఇంత ఆలోచించి గీసినవి తక్కువ.

ప్రశ్న: బ్రిడ్జిని అందరికీ కనిపించేలా నెత్తిమీద ఎందుకు పెడతారు? శత్రువు దాన్నే కొడతాడు కదా.

జవాబు: కొట్టాడు కూడా, 1983 స్టార్ వార్స్ సినిమాలో ఎగ్జిక్యూటర్ బ్రిడ్జిలోకి ఒక చిన్న ఫైటర్ దూసుకెళితే 19 కిలోమీటర్ల నౌక కూలిపోయింది. సముద్రం మీద బ్రిడ్జి పైనుండడానికి కారణం కళ్లతో చూడాలి కాబట్టి. అక్కడ కూడా నేటి యుద్ధనౌకల్లో పోరాటం నడిపేది కిటికీలు లేని లోపలి గది నుంచి. 2003లో మళ్లీ తీసిన బాటిల్‌స్టార్ గెలాక్టికా సీరియల్ దాన్నే పట్టుకుంది, కమాండ్ గది నౌక పొట్టలో, కిటికీ లేదు, బల్ల మీద మ్యాపులు, వైరున్న ఫోన్లు, శత్రువు కంప్యూటర్లలోకి దూరకుండా వాటిని ఒకదానికొకటి కలపరు. కిటికీ లేకపోవడం వల్ల బయట ఏం జరుగుతోందో తెలియని ఆ టెన్షన్ మనకీ ఎక్కుతుంది.

ప్రశ్న: మీకు బాగా నచ్చిన నౌక ఒక్కటే చెప్పమంటే?

జవాబు: రిలయంట్, 1982 స్టార్ ట్రెక్ సినిమాలోది, మిరాండా క్లాస్. ఎంటర్‌ప్రైజ్‌తో తలపడే నౌక, రెండూ ఒకే దళానివి, మరి పొగలోనూ మెరుపుల్లోనూ ప్రేక్షకుడు ఏది ఏదో క్షణంలో గుర్తుపట్టాలి. అందుకని అవే పళ్లెం, అవే నాసెల్స్ తీసుకుని, మెడ తీసేశారు, కింది భాగం తీసేశారు, పైన అడ్డంగా ఒక కమ్మీ పెట్టి టార్పిడోలు దాంట్లో పెట్టారు. నాసెల్స్ పైన ఉండేలా గీశారట, నిర్మాత ఆ బొమ్మని తలకిందులుగా పట్టుకుని చూసి సంతకం పెట్టేశారని, తలకిందులుగానే ఉంచేశారని చెబుతారు. అదే నయమైంది, ఎంటర్‌ప్రైజ్ నాసెల్స్ పైకి, దీనివి కిందకి, నీడ చూసినా తేడా తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఒక కామిక్ గీస్తున్నాను. ఒకే దళంలో మూడు క్లాసులు, చిన్నది 60 మీటర్లు, మధ్యది 300, పెద్దది 900. బొమ్మలు పంపిస్తున్నాను. ఒకే దళంలా ఉన్నాయి కానీ మూడూ ఒకటే అనిపిస్తున్నాయి, ఏం చేయాలి?

జవాబు: బొమ్మలు చూశాను, మీ గీత చాలా బాగుంది. సమస్య ఎక్కడంటే మీరు ఒక నౌక గీసి దాన్ని రెండుసార్లు పెద్దది చేశారు. పెద్దదాని తలుపు కొలిచాను, మీ స్కేలు ప్రకారం ఆ తలుపు ఎత్తు 30 మీటర్లు వస్తోంది! మనిషి సైజు మారదు, కాబట్టి తలుపు, కిటికీ, మెట్లు, నిచ్చెన, సూట్ వేసుకుని బయటికి వెళ్లే గది, ఇవి మూడు నౌకల్లోనూ ఒకే సైజులో ఉండాలి. 60 మీటర్ల నౌకలో కిటికీలు లెక్కపెట్టేలా అయిదారు చాలు, 900 మీటర్ల దాంట్లో అవే కిటికీలు వరసలు వరసలుగా ఇసకరేణువుల్లా కనిపించాలి. ఒక్క ఈ మార్పుతోనే సగం సమస్య పోతుంది.

తర్వాత, బొమ్మ పక్కన పెట్టి ఒక్కో నౌకకి మూడు ప్రశ్నలు రాసుకోండి: ఇంటికి ఎన్ని రోజులకి తిరిగి వస్తుంది, లోపల నేల ఎటుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు. చిన్నది మూడు రోజుల్లో వచ్చేస్తే దాంట్లో వంటగది వద్దు, పడకలు వంతుల వారీగా వాడుకోవచ్చు, ఇంజన్ దాదాపు సగం ఒళ్లు ఆక్రమించేయవచ్చు. మధ్యది ఆరు నెలలు తిరిగితే దానికి ఇంధనం ట్యాంకులు బయటికి కనిపించనివ్వండి, రేడియేటర్లు వెడల్పుగా ఉండనివ్వండి. పెద్దది మిగతా రెండింటినీ బాగుచేసేది అయితే దాని పొట్టలో చిన్న నౌక పట్టే ఖాళీ ఉండాలి, అంటే 60 మీటర్ల నౌక ముక్కు నుంచి తోక దాకా దూరేంత ద్వారం, ఆ ద్వారం చుట్టూనే పెద్ద నౌక ఆకారం మొత్తం మళ్లీ గీయాల్సి వస్తుంది. కొత్తగా గీయడం కష్టమనిపిస్తుంది, అయినా ఆ ద్వారం నుంచే మొదలుపెట్టండి.

ఒకే ఇంటివి అనిపించడానికి ఒక్క గుర్తు మిగల్చండి, చాలు. మీ మూడు బొమ్మల్లోనూ ముక్కు దగ్గర ఒక చీలిక ఉంది, అది బాగుంది, దాన్ని ఉంచి మిగతావన్నీ మార్చండి. మార్చాక మూడింటినీ నల్లటి నీడల్లా నింపి, గోరంత సైజుకి కుదించి, కథ తెలియని ఎవరికైనా చూపించి ఏది ఏ పని చేస్తుందో అడగండి. వాళ్లు ఏం చెప్పారో, మార్చిన బొమ్మలతో పాటు నాకు రాసి పంపండి, వచ్చే సంచికలో ఆ తలుపుల సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.